దొంగే ‘దొంగ.. దొంగ’ అని అరుస్తున్నాడు!

(గ్రామీణ విలేకరి)

పూర్వం ఊళ్లో దొంగలు పడితే కుక్కలు మొరిగేవి, జనం లేచేవారు. ఇప్పుడు దొంగ తానే వచ్చి ‘అయ్యా, మీ ఇంట్లో దొంగ దూరాడు, తలుపు తీయండి, నేను పట్టి ఇస్తాను’ అని కేకలు వేస్తున్నాడు. ఆ కేకకు బెదిరి తలుపు తీసినవాడి ఇల్లు గుల్లవుతోంది. ఇంట్లోని కంప్యూటరు తెర మీద జరుగుతున్న ఈ దొంగతనం గురించి నాలుగు మాటలు రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మా ఊళ్లో మా మేష్టారికి జరిగిన తర్వాత ఇక మిన్నకుండటం తప్పనిపించింది. ఆయన పేరు రాయడం లేదు. రాయమనే ఆయన అన్నారు. అయినా పేరు కంటే సంగతి ముఖ్యం.

మేష్టారు లెక్కలు చెప్పి రిటైరై పదేళ్లు దాటింది. పదో తరగతి లెక్కల్లో నన్ను గట్టెక్కించింది ఆయనే. చిన్న చీటీ ముక్క కూడా పారేయని మనిషి. పాల లెక్క, కరెంటు రశీదు, ఎరువుల బిల్లు అన్నీ తేదీల వారీగా తీగకు గుచ్చి ఉంటాయి. రాత్రి పడుకోబోయే ముందు వీధి తలుపు గడియ రెండుసార్లు లాగి చూస్తారు. కొడుకు అమెరికాలో ఉద్యోగం. మనవరాలిని తెర మీదైనా చూసుకుంటారని కిందటిసారి వచ్చినప్పుడు ఒక కంప్యూటరు కొని, హాల్లో బల్ల మీద పెట్టి వెళ్లాడు.

సంక్రాంతి వెళ్లిన వారం. సార్వా ధాన్యం డబ్బు బ్యాంకులో పడింది. పింఛనుదారులు ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్టు గురించి చూద్దామని మేష్టారు సాయంత్రం కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఏదో లింకు నొక్కారు. అంతే, తెరంతా ఎర్రబడింది. సైరను మోత మొదలైంది. ఒక ఆడగొంతు ఇంగ్లీషులో అదే పనిగా చెబుతోంది. ‘మీ కంప్యూటరులో గూఢచారి ప్రోగ్రాము చేరింది. మీ బ్యాంకు వివరాలు బయటికి పోతున్నాయి. కంప్యూటరు ఆపవద్దు. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి.’ పైన మైక్రోసాఫ్టు వారి నాలుగు రంగుల గళ్ల గుర్తు. మౌసు కదిపితే బాణం గుర్తు కనబడదు. ఏ మీట నొక్కినా కదలిక లేదు. లోపల్నుంచి అమ్మగారు ‘ఏమిటండీ ఆ మోత?’ అని పరుగున వచ్చారు.

మేష్టారు ఆ నంబరుకు ఫోను చేశారు.

అవతలి మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. మాటకు ముందొక సార్, వెనకొక సార్. ‘కంగారు పడకండి సార్, సమయానికి ఫోను చేశారు’ అన్నాడు. ఒక ప్రోగ్రాము దింపించాడు. దాని అంకెలు అడిగి తెలుసుకున్నాడు. అక్కడి నుంచి బాణం గుర్తు దానంతట అదే కదలసాగింది. ఏవో పెట్టెలు తెరిచి పెద్ద చిట్టా ఒకటి చూపించాడు. దాని నిండా ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు. ‘ఇవన్నీ వైరసులే సార్’ అన్నాడు. ‘నూట ముప్పై దాకా లెక్కపెట్టాను రా’ అని మేష్టారు తర్వాత నాతో చెప్పారు. లెక్కల మేష్టారు కదా, లెక్కపెట్టకుండా ఉంటారా!

ఆ చిట్టా పేరు ఈవెంట్ వ్యూయర్. విండోస్ ఉన్న ప్రతి కంప్యూటరులోనూ ఉంటుంది. ఏదో ప్రోగ్రాము ఆలస్యంగా తెరుచుకున్నా, ఇంటర్నెట్టు కాసేపు తెగినా దానిలో ఒక గుర్తు పడుతుంది. కొత్త కంప్యూటరులోనూ అలాంటివి బోలెడు కనిపిస్తాయి. అవి వైరసులు కావు. ఆ సంగతి తెలియని మనిషికి అవి నూట ముప్పై తేళ్లలా కనిపిస్తాయి.

బాగుచేసినందుకు 4,999 రూపాయలు కట్టమన్నాడు. మేష్టారు బ్యాంకు పేజీ తెరిచారు. తెర నల్లబడింది. ‘శుభ్రం చేస్తున్నాం సార్, ముట్టుకోకండి’ అన్నాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీలు చదవమంటే చదివారు. పావుగంటలో 1,45,000 రూపాయలు ఖాతా దాటిపోయాయి.

అసలు కష్టం ఆ తర్వాత జరిగింది. మేష్టారు ఎవరికీ చెప్పలేదు. బ్యాంకుకు వెళ్లలేదు. కొడుకుకు ఫోను చేయలేదు. అమ్మగారి చేత కూడా ఒట్టు వేయించుకున్నారు. మర్నాడు ఉదయం ఆ మనిషే మళ్లీ ఫోను చేశాడు. ‘నిన్న పొరపాటున ఎక్కువ కోత పడింది సార్, తిరిగి వేసేస్తాం, నంబరు వస్తుంది, చెప్పండి’ అన్నాడు. మూడో కంటికి తెలియకుండా డబ్బు తిరిగి వచ్చేస్తుందన్న ఆశతో మేష్టారు ఆ నంబరూ చెప్పారు. ఇంకో 41,000 పోయింది. మొత్తం 1,86,000. ఎకరాలు అమ్ముకునేంత నష్టం కాదు గానీ, పింఛను మీద బతికే ఇంటికి అది చిన్న సొమ్మూ కాదు. దాళ్వా పెట్టుబడి అందులోనే ఉంది.

మూడోనాడు నేను వేరే పని మీద వెళితే మనిషి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. అమ్మగారు కళ్లు తుడుచుకుంటూ చెప్పేశారు. ‘ఆ రాత్రే నాకు కబురు పెడితే బాగుండేది కదా మేష్టారూ’ అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకే మాట అన్నారు. ‘టీ కొట్టు దగ్గర మీరంతా నవ్వుకోవడం విన్నాను కదరా.’

నేనూ నవ్వినవాడినే

ఆ మాట వివరంగా చెప్పాలి. కిందటి ఏడాది మా ఊరి టైలరు ఒకాయన ఫోనులో ఏదో లింకు నొక్కి 38 వేలు పోగొట్టుకున్నాడు. పాపం, ఆయన దాచలేదు. మర్నాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గరకు వచ్చి ఏం చేయాలని నలుగురినీ అడిగాడు. మేం చెప్పిందేమిటి? ‘ఆమాత్రం తెలియదా?’ అన్నాడొకడు. ‘గుడ్డ కొలిచినట్టు కొలిచి ఇచ్చావా?’ అన్నాడు ఇంకొకడు. ఆయనకు ‘ఓటీపీ’ అని పేరు పెట్టారు. పెట్టింది నేనే. వారం రోజులు ఆ పేరు ఊరంతా తిరిగింది. ఆ తర్వాత ఆయన టీ కొట్టుకు రావడం మానేశాడు. ఆ రోజు ఆ కొట్టు బెంచీ మీద ఒక చివర పేపరు చదువుకుంటూ కూర్చున్నది మా మేష్టారే.

ఎవరి సొమ్ము ఎవరు తీశారో పోలీసులు తేలుస్తారు. నా వరకు ఒక లెక్క మాత్రం తేలింది. మొదటి రోజు పోయిన 1,45,000 దొంగ తెలివి వల్ల పోయింది. రెండో రోజు పోయిన 41,000 మాత్రం మా నవ్వు వల్ల పోయింది. మేష్టారు ఆ రాత్రే నోరు విప్పి ఉంటే ఆ సొమ్ము ఖాతాలోనే ఉండేది. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

ఆశకు పోయి కాదు

మోసపోయినవాడిని చూడగానే మన నోటికి వచ్చే మాట ‘ఆశకు పోయాడు’ అని. డబ్బు రెట్టింపు చేస్తామనే కంపెనీల విషయంలో ఆ మాట కొంత చెల్లుతుందేమో. ఇక్కడ చెల్లదు. మేష్టారు కొత్తగా రూపాయి కూడా ఆశించలేదు. ఉన్నది కాపాడుకోవాలనుకున్నారు. గడియ రెండుసార్లు లాగి చూసే మనిషి కాబట్టే ఆ కేకకు ఉలిక్కిపడ్డారు. లక్ష్యపెట్టని మనిషయితే ‘పోతే పోయిందిలే’ అని కరెంటు మీట కట్టేసి పడుకునేవాడు, బతికిపోయేవాడు. ఈ గాలం పడేది జాగ్రత్తపరుడికే.

‘పల్లెటూరి వాళ్లం, ఇంగ్లీషు రాదు, అందుకే మోసపోతున్నాం’ అనుకోవడమూ తప్పే. ఇంగ్లీషు పుట్టు భాషగా మాట్లాడే దేశాల్లోనే ఈ మోసం ముందు పండింది. 2008లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక ముఠాపై కోర్టుకెక్కింది. కంప్యూటరులో లేని వైరసులను ఉన్నట్టు చూపి, వాటిని తీసే ప్రోగ్రాము కొనిపించిన ముఠా అది. పది లక్షల మందికి పైగా మోసపోయారని కమిషన్ చెప్పింది. కంప్యూటరు బాగుచేస్తామనే పేరుతో జరిగిన మోసాల్లో 2023 ఒక్క సంవత్సరమే 92 కోట్ల డాలర్లకు పైగా పోయినట్టు ఆ దేశపు ఎఫ్‌బీఐకి ఫిర్యాదులు అందాయి. అక్కడా ఎక్కువగా నష్టపోయింది అరవై దాటినవారే. మన వాళ్ల పిల్లలు ఉన్న దేశమే అది. పిల్లల దగ్గరకు వెళ్లి, పగలంతా ఒక్కరే ఇంట్లో ఉండే మన తల్లిదండ్రులు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇంకొక సిగ్గుపడే నిజం ఉంది. ఆ విదేశీయుల ఫోన్లు ఎత్తే ముఠాల్లో కొన్ని మన దేశంలోనే ఉన్నాయి. 2023 అక్టోబరులో సీబీఐ ‘ఆపరేషన్ చక్ర-2’ పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్టు, అమెజాన్ కంపెనీలు ఇచ్చిన ఫిర్యాదులపై పెట్టిన కేసులు కూడా అందులో ఉన్నాయి. ఆ కంపెనీల వాళ్లమని చెప్పుకుని విదేశాల్లోని ముసలివాళ్లను దోచుకున్నారన్నది అభియోగం. పరాయి ఊరి మీద పడి దోచుకోవడం మరిగినవాడు సొంత ఊరిని మాత్రం వదులుతాడా?

మొరిగేది కరవదు, కరిచేది మొరగదు

తెర మీద కనబడిన ఆ ఎర్ర హెచ్చరిక కంప్యూటరు లోపల్నుంచి వచ్చింది కాదు. అది ఇంటర్నెట్టులోని ఒక పేజీ మాత్రమే, అంటే ఒక బొమ్మ. సినిమా తెర మీద ఇల్లు తగలబడితే హాల్లో ఎవరూ బకెట్టుతో నీళ్లు తెచ్చి పోయరు కదా. ఆ పేజీ తెరంతా ఆక్రమించి, బాణం గుర్తును దాచేసి, శబ్దం పెడుతుంది. అందుకే కంప్యూటరు బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఏమీ బిగుసుకోలేదు. ఇంటర్నెట్టు పేజీకి మన కంప్యూటరంతా వెతికి వైరసు ఉందో లేదో చెప్పే శక్తి లేదు.

దీన్ని పట్టడానికి ఒక్క గుర్తు చాలు. తమ హెచ్చరికల్లో ఫోను నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్టు కంపెనీయే చెబుతోంది. కాబట్టి తెర మీద హెచ్చరిక, దాని కింద ఫోను నంబరు ఉన్నాయంటే అది దొంగ హెచ్చరికే. ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు.

రెండో రకం ఇంకొకటి ఉంది. సినిమా చూద్దామనో, పాట దింపుకుందామనో ఏదో పేజీ తెరుస్తాం. ‘మీరు మనిషేనని రుజువు చేయడానికి అలౌ నొక్కండి’ అంటుంది. పిల్లలు నొక్కేస్తారు. ఆనాటి నుంచి తెర కింద మూలలో గంటకొకసారి ‘మీ కంప్యూటరుకు అయిదు వైరసులు పట్టాయి’, ‘మీ రక్షణ గడువు ముగిసింది’ అని చీటీలు పడుతూనే ఉంటాయి. వైరసు పట్టిందని బెంగపడి పట్నం దుకాణానికి మోసుకెళ్లేవారున్నారు. నేనూ ఒకసారి మోసుకెళ్లి 600 రూపాయలు ఇచ్చి వచ్చాను. అక్కడ జరిగిన వైద్యం రెండు నిమిషాలు. ఆ పేజీకి చీటీలు పంపే అనుమతి మనమే ఇచ్చాం, మనమే తీసేయవచ్చు. క్రోమ్‌లో సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దానిలో సైట్ సెట్టింగ్స్, దానిలో నోటిఫికేషన్స్ చూడండి. అనుమతి ఉన్న పేజీల జాబితా కనిపిస్తుంది. ముఖం తెలియని పేరు ఏది కనబడినా తీసేయండి. చీటీలు ఆగిపోతాయి.

మరి గూఢచారి ప్రోగ్రాములు అసలు లేనే లేవా అంటే ఉన్నాయి. కాకపోతే అవి అరవవు. మనం ఏ మీటలు నొక్కుతున్నామో రాసుకునేవి కొన్ని, కంప్యూటరులో దాచి ఉంచిన పాస్‌వర్డులను మూటకట్టి బయటికి పంపేవి కొన్ని. కన్నం వేసేవాడు సద్దు చేయడు కదా. ‘నేను దూరాను’ అని సైరను మోగించే గూఢచారి ఎక్కడైనా ఉంటాడా?

ఇవి ఎలా దూరతాయి? చాలావరకు మనం తెరిచిన తలుపు గుండానే. కంప్యూటరు కొన్నప్పుడు డబ్బు మిగులుతుందని దొంగ విండోస్ వేయించుకుంటాం. దాన్ని పనిచేయించే ప్రోగ్రాము ఎక్కడో ఇంటర్నెట్టులో దొరికినది. అది ఎక్కాలంటే ముందు రక్షణ ప్రోగ్రాము ఆపమంటుంది. కావలికుక్కను కట్టేసి, ఎవరో తెలియనివాడిని ఇంట్లోకి పంపడమే అది. విడుదలైన రోజే కొత్త సినిమా ఉచితంగా చూపే పేజీలదీ ఇదే దారి. అక్కడ బొమ్మ ఆడించే మీట అని మనం నొక్కేది నాలుగుసార్లకు మూడుసార్లు ఇంకేదో అవుతుంది. ఉచితంగా పెట్టిన ఎర చేపకు ఎంత ఖరీదో చెరువు గట్టున పుట్టిన మనకు ఒకరు చెప్పాలా?

తెర అరిస్తే ఏం చేయాలి?

ఈ ముక్క కత్తిరించి కంప్యూటరు పక్కన గోడకు అంటించుకోమని మనవి.

ముందుగా ఫోను ముట్టుకోవద్దు. ఆ నంబరుకు చేయవద్దు. మోత భరించలేకపోతే స్పీకరు కట్టేయండి.

కీబోర్డు ఎడమ పై మూలన ఎస్కేప్ మీట ఉంటుంది. దాన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. తెరంతా నిండిన పేజీ చిన్నదవుతుంది, మూసేయవచ్చు. లొంగకపోతే ఆల్ట్ మీట పట్టుకుని ఎఫ్4 నొక్కండి. అప్పటికీ లొంగకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్ తెరిచి, అందులో క్రోమో, ఎడ్జో ఏది తెరిచి ఉంటే దాన్ని ఎంచుకుని ఎండ్ టాస్క్ అనండి. ఇదంతా చేతకాకపోతే కంప్యూటరు పవరు మీటను ఆరిపోయేదాకా నొక్కి పట్టుకోండి. ‘ఆపితే అంతా పోతుంది’ అన్నది బెదిరింపు మాత్రమే. మళ్లీ తెరిచినప్పుడు ‘పాత పేజీలు తెరవమంటారా’ అని అడిగితే వద్దనండి. లేకుంటే ఆ దయ్యం మళ్లీ వస్తుంది.

తర్వాత స్టార్టు మీట నొక్కి విండోస్ సెక్యూరిటీ అని వెతకండి. విండోస్ 10, 11లలో రక్షణ ప్రోగ్రాము దానితోపాటే వస్తుంది, వేరే డబ్బు కట్టనక్కర్లేదు. దానిలో ఫుల్ స్కాన్ పెట్టండి. అనుమానం గట్టిగా ఉంటే ఆఫ్‌లైన్ స్కాన్ కూడా పెట్టండి. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా చూసి, మీరు వేయనిది ఏదైనా ఉంటే తెలిసినవారిని అడిగి తీసేయండి. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వారి వెబ్‌సైటులోనూ శుభ్రం చేసే ప్రోగ్రాములు ఉచితంగా ఇస్తున్నారు.

విండోస్ 7కు కంపెనీ రక్షణ మరమ్మతులు 2020 జనవరి 14తో ఆగాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన ఇళ్లలో ఈ రెండూ ఇంకా చాలానే నడుస్తున్నాయి. పాత గట్టుకు గండ్లు ఎక్కువ. పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పండగ బట్టలతోపాటు ఈ సంగతీ ఒకసారి చూసి వెళ్లాలి.

ఫోను చేసేసిన వారు ఏం చేయాలి?

దొంగ చెప్పిన ప్రోగ్రాము దింపారా? ముందు ఇంటర్నెట్టు తీగ పీకేయండి లేదా వైఫై పెట్టె ఆపేయండి. దూరం నుంచి మన కంప్యూటరు నడిపించే ఆ ప్రోగ్రాములు మంచి పనికి పుట్టినవే. ఆఫీసుల్లో మరమ్మతులకు రోజూ వాడుతుంటారు. దొంగ చేతికి చిక్కితే కొడవలి అయినా కత్తే. ఇలాంటి ప్రోగ్రాములతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు హెచ్చరించింది.

వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఆర్థిక మోసాలపై ఫిర్యాదుకు దేశమంతటికీ ఇదే నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే వెబ్‌సైటులోనూ రాయవచ్చు. దొంగిలించిన సొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకో ఖాతాకు గంటల్లో మారిపోతుంది. చివరికి ఏ ఏటీఎంలోనో నోట్లయి బయటికి వచ్చేస్తుంది. అంతకు ముందే మన ఫిర్యాదు అందితే దారిలో ఉన్న సొమ్మును ఆపగలరు. కాలవకు గండి పడితే మొదటి గంటలో పది గడ్డిమోపులతో ఆగుతుంది, తెల్లారాక వంద మోపులు వేసినా ఆగదు.

బ్యాంకుకూ అప్పుడే చెప్పాలి. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఒకటి రైతులందరూ తెలుసుకోవాలి. మన తప్పూ, బ్యాంకు తప్పూ లేకుండా సొమ్ము పోతే, మూడు పనిదినాల్లో చెప్పినవారికి నష్టం ఉండదు. ఓటీపీ మనమే చెప్పి పోగొట్టుకుంటే, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనదే. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. చూశారా, మౌనానికి చట్టం కట్టిన వెల ఎంతో! మా మేష్టారు ఆ రాత్రే చెప్పి ఉంటే రెండో రోజు లెక్క వేరేగా ఉండేది.

పోలీసు స్టేషనులో ‘ఇది మా పరిధి కాదు’ అంటే వెనక్కి రావద్దు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి.

పాస్‌వర్డులన్నీ ఆ కంప్యూటరులో కాకుండా వేరే దాంట్లో మార్చండి. నమ్మకస్తుడి చేత విండోస్ మొత్తం కొత్తగా వేయించుకోవడం ఉత్తమం. మరొక జాగ్రత్త. కొన్నాళ్లకు ‘పోయిన సొమ్ము తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి’ అని ఇంకొకడు ఫోను చేస్తాడు. వాడు రెండో దొంగ. పోయినదానికి బాధపడుతున్నవాడే వాడికి వేట.

ఇక నవ్వు ఆపుదాం

నేను మేష్టారిని వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. 1930కి ఫోను చేశాం. పోయిన 1,86,000లో 22 వేలు ఒక ఖాతాలో ఆగినట్టు తెలిసింది. మిగతాది అప్పటికే చేతులు మారింది. ఆగిన సొమ్మయినా ఆయన చేతికి రావడానికి ఇంకా కాగితాలు నడుస్తున్నాయి. బ్యాంకు కౌంటరు దగ్గర ఒక ఉద్యోగి ‘చదువుకున్నవారు, మీరు కూడానా?’ అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి తల దించుకున్నారు. ఆ ఉద్యోగిని తప్పు పట్టే హక్కు నాకు లేదు. టీ కొట్టు దగ్గర నేనన్నదీ అదే మాట.

ఇంట్లో దొంగలు పడితే మనం ఎవరినీ నవ్వం. ‘అయ్యో’ అంటాం, తలా ఒక చెయ్యి వేస్తాం. గడ్డివాము తగలబడితే పరుగెత్తుకెళ్లి ఆర్పుతాం. తెర మీద దొంగ పడితే మాత్రం పోగొట్టుకున్నవాడే దొంగ అయినట్టు చూస్తాం. దొంగకు కావలసింది సరిగ్గా ఇదే. వాడు భయపెట్టి తీసుకుంటాడు, మనం సిగ్గుపెట్టి వాడికి పారిపోయే సమయం ఇస్తున్నాం.

అధికారులకు నా మనవి పెద్దదేమీ కాదు. ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద, బ్యాంకు గుమ్మం పక్కన, పాలకేంద్రం దగ్గర 1930 అంకెను మనిషెత్తున రాయించాలి. ధాన్యం డబ్బు పడే రోజుల్లో ఊరూరా టముకు వేయించాలి. పింఛనుదారుల సమావేశాల్లో పది నిమిషాలు ఈ దొంగ హెచ్చరిక ఎలా ఉంటుందో తెర మీద చూపించాలి. ఒకసారి చూసినవాడు రెండోసారి బెదరడు. ఫిర్యాదుతో వచ్చినవాడిని కుర్చీ వేసి కూర్చోబెట్టమని బ్యాంకు, పోలీసు సిబ్బందికి పైవారు చెప్పాలి. దీనికి బడ్జెటు అక్కర్లేదు.

మన పని మనకుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. ‘తెర అరిస్తే నాకు ఫోను చేయండి, అర్ధరాత్రయినా సరే. సొమ్ము పోయినా సరే. నేనేమీ అనను.’ ఆ చివరి మాటే ముఖ్యం. అది చెప్పని ఇంట్లో ఏ రక్షణ ప్రోగ్రామూ పనిచేయదు.

మొన్న ఆదివారం టైలరు ఇంటికి వెళ్లాను. చొక్కా కుట్టించుకునే వంకతో వెళ్లి, అసలు మాట చెప్పి క్షమించమన్నాను. ఆయన టేపు మెడలో వేసుకుని కొలతలు తీసుకుంటూ ‘పోనీలెండి, అది పాత సంగతి’ అన్నాడు. మర్నాడు సాయంత్రం ఆయనా, మేష్టారూ కలిసి టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నారు. తెర అరిస్తే ఏం చేయాలో మేష్టారు అక్కడున్న కుర్రాళ్లకు నల్లబల్ల లేకుండానే పాఠం చెబుతున్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.